దుంగ పట్టే చెయ్యి

ట్రాలీ ఆటో మీద తాళ్ళతో కట్టి తెచ్చిన యంత్రాన్ని హమాలీలు అడితిలోకి దించుతున్నంతసేపూ కన్నారావు పని ఆపి నిలబడ్డాడు గాని, చేతిలోని గొడ్డలిని మాత్రం కింద పెట్టలేదు. అతడికి ఎదురుగా, నరికే మొద్దుకు అవతలి పక్కన, ఒక వంకర తుమ్మదుంగ మీద అరచెయ్యి ఆన్చి అతడి భార్య అప్పలలక్ష్మి నిలబడి ఉంది. దెబ్బ ఇంకా పడలేదు కనుక ఆమె చెయ్యి తియ్యలేదు.

మోండా మార్కెట్ వెనుక, రైలు పట్టాల ప్రహరీకి ఆనుకుని ఉన్న ఆ కట్టెల అడితి రాఘవేందర్‌ది. లారీల్లో వచ్చే తుమ్మ, వేప, నీలగిరి మానులను అక్కడ రంపంతో దుంగలుగా కోసి, గొడ్డలితో చీల్చి, ఆ పేళ్ళను హోటళ్ళకూ ఫంక్షన్ హాళ్ళకూ పంపుతారు. మాదాపూర్‌లో అద్దాల మేడలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. మెడలో కార్డులు వేలాడేసుకుని వాటిలో పని చేసేవారికి గ్యాస్ మీద వండిన బిర్యానీ రుచించడం లేదని, కట్టెల మీద దమ్ము వేసినదే కోరుతున్నారని ఒక హోటల్ యజమాని కనిపెట్టాడు. అతడు అడిగినన్ని పేళ్ళు ఒక మనిషి భుజబలంతో తయారయ్యేవి కావు. పైగా ఆ భుజం కన్నారావుది. దసరా నాటి నుంచి కుడిచెయ్యి తల దాటి లేవాలంటే అతడు ముందు పళ్ళు బిగించవలసి వస్తోంది.

గొడ్డలి పనికి ఇద్దరు కావాలి. అడుగు చదునుగా ఉన్న దుంగ దానంతట అదే నిలుస్తుంది. వంకరదాన్ని ఎవరో ఒకరు పట్టుకోవాలి. అప్పలలక్ష్మి పట్టుకునేది. గొడ్డలి లేస్తుంది. అది పైన ఆగిన క్షణంలో కన్నారావు గొంతులోంచి 'హుఁ' అని ఊపిరి వెలువడుతుంది. ఆ ఊపిరికి ఆమె చెయ్యి వెనక్కి వస్తుంది. ఖాళీ అయిన చోట ఇనుము దిగుతుంది. విజయనగరం జిల్లా నుంచి బతకవచ్చిన నాటి నుంచి ఆ దంపతుల మధ్య నడిచిన సంభాషణల్లో ఎన్నడూ అబద్ధమాడనిది ఇదొక్కటే. కొట్టేవాణ్ణి కట్టెలు కొట్టేవాడంటారు. పట్టేదానికి ఆ అడితిలో పేరు లేదు. పొద్దున హాజరు పిలిచేటప్పుడు రాఘవేందర్ "కన్నారావు, జోడీ" అనేవాడు. ఒక్క గొంతు పలికితే చాలు, ఇద్దరూ వచ్చినట్టే.

యంత్రాన్ని బిగించడానికి ఆర్థర్ వచ్చాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్ ముసలాయన. నిలువు ఇనుప స్తంభం, దానికి పట్టి పైనుంచి కిందికి దిగే వెడల్పాటి కత్తి, కింద దుంగను నిలబెట్టే పీట, పక్కన నూనె తొట్టి, మోటారు. కత్తికి అటొకటి ఇటొకటి రెండు హ్యాండిళ్ళు. ఆర్థర్ ఒక వేపదుంగను పీట మీద నిలబెట్టి, రెండు చేతులతో రెండు హ్యాండిళ్ళూ నొక్కాడు. కత్తి తొందరపడకుండా దిగి దుంగలోకి చొచ్చుకుపోయింది. వేప నోరు తెరిచినట్టు విచ్చుకుంది. చప్పుడు మోటారుదే తప్ప కట్టెది కాదు.

"చూడు మ్యాన్," అన్నాడు ఆర్థర్ కన్నారావుతో. "ఈ చెయ్యి ఈడ, ఆ చెయ్యి ఆడ. రెండూ నొక్కితేనే కత్తి దిగుతది. ఒక్కటి వదిల్నవా, బంద్."

"రెండెందుకు సార్? ఒక్కదానికి తాకత్ సాల్తలేదా?" అని రాఘవేందర్ నవ్వాడు.

"తాకత్ కోసం కాదు భాయ్. నీ రెండు చేతులు ఈడుంటే కత్తి కింద నీ చెయ్యి ఉండదు. గంతే."

అప్పలలక్ష్మి అప్పుడు తుమ్మదుంగ మీది నుంచి చెయ్యి తీసి ముందుకు వచ్చింది. "మరి దుంగెవరు పట్టుకుంటారు బాబూ?"

"ఎవ్వరూ పట్టుకోరమ్మా. వంకరుంటే కింద చెక్కముక్క పెట్టాలె."

"నువ్వుండు లక్ష్మీ," అన్నాడు రాఘవేందర్. "కన్నారావ్, నువ్విటు రా. ఇంక నీ భుజానికి ఛుట్టీ."

కన్నారావు గొడ్డలిని గోడకు ఆనించి వచ్చాడు. ఆర్థర్ చెప్పినవన్నీ తల ఊపుతూ విన్నాడు. పని నేర్చుకుంటున్నవాడి ముఖం కాదది. కొత్త కోడలి వంట పొగుడుతున్న అత్తగారి ముఖం.

మరునాడు మధ్యాహ్నానికే యంత్రం మీద అతడికి కోపం వచ్చింది. తిన్నని దుంగలు ఎలాగో సాగాయి. తుమ్మ దగ్గరికి వచ్చేసరికి, నిలబెట్టి చేతులు హ్యాండిళ్ళ మీదికి తెచ్చేలోపు దుంగ ఒరిగిపోయేది. వంగి తీసి, చెక్కముక్క వెదికి, అడుగున దూర్చి, మళ్ళీ నిలబెట్టాలి. వంగడం అతడికి అలవాటు లేదు. ఇన్నేళ్ళూ వంగినది అప్పలలక్ష్మి.

"సంకెళ్ళేసినట్టుంది," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "రెండు సేతులూ దీనికే ఇచ్చీస్తే మనిసెందుకు?"

రాఘవేందర్ పేళ్ళ గుట్ట వైపు చూశాడు. హోటల్ వ్యాన్ మరునాటి నుంచి వస్తుంది. "ఏందీ కన్నారావ్, గిట్లయితే గొడ్డలే నయముండె గద! మిషన్ గావాల్నా గొడ్డలి గావాల్నా, మీరే జెప్పుండ్రి. నేను జబర్దస్తీ జెయ్య."

'మీరే' అన్నప్పుడు అతడి చూపు ఒక్క మనిషి మీదే ఉంది. జవాబు రెండో మనిషి చెప్పింది.

"వంకరియి గొడ్డలికి, తిన్నవి మిషనుకి ఏసీండి బాబూ. వంకరియి సగమైనా ఉండవు. ఆ కాసిని మేము నెమ్మదిగా కొట్టుకుంటాం."

"నెమ్మదిగ అంటే హోటలాయన ఊకుంటడా?"

కన్నారావు భార్య వైపు చూడలేదు. గొడ్డలి అన్న మాటకు అతడి ఎడమచెయ్యి దానంతట అదే కుడిభుజం మీదికి పోయింది. "ఒక సెయ్యి కాళీ అయితే సాలు బాబూ," అన్నాడు. "ఒక హేండిలు కట్టీండి. రెండోది నాను నొక్కుతాను. దుంగ ఇది పట్టుకుంటాది. మాకలవాటే."

రాఘవేందర్ ముఖం విప్పారింది. సైకిలు ట్యూబు ముక్క తెప్పించి, అవతలి హ్యాండిల్‌ను నొక్కిపట్టి, స్తంభానికి వేసి గట్టిగా ముడి వేశాడు. ఇప్పుడు ఒక్క చేత్తో కత్తి దిగుతోంది. ఏ చేతిని కాపాడడానికి ఆ రెండో హ్యాండిల్ ఉందో ఆ చెయ్యి ఎవరిదైనా కావచ్చునన్న ఆలోచన ఆర్థర్‌కూ వచ్చినట్టు లేదు. ఆ యంత్రాన్ని తయారు చేసినవారికీ రాలేదు. నడిపేవాడి చేతులు వాళ్ళు లెక్కలోకి తీసుకున్నారు. పట్టేదాని చెయ్యి ఏ లెక్కలోనూ లేదు.

పని జోరందుకుంది. అప్పలలక్ష్మి దుంగ పెట్టి పట్టుకునేది, కన్నారావు హ్యాండిల్ నొక్కేవాడు. నొక్కబోయే ముందు, అవసరం లేకపోయినా, 'హుఁ' అని ఊపిరి వదిలేవాడు. గొడ్డలి లేకపోయినా ఊపిరి పోలేదు. కాని మోటారు హోరులో అది ఆమె దాకా వచ్చేది కాదు. గొడ్డలి అయితే భుజం లేవడం కనబడేది, నీడ కదిలేది. ఇక్కడ కదిలేది అతడి మణికట్టు ఒక్కటే. అది ఇనుప స్తంభం చాటున ఉంది. ఆమె కత్తి అంచునే చూస్తూ, అది కదిలిందని అనిపించగానే చెయ్యి లాగేసేది. సాయంత్రానికి కళ్ళు మండాయి.

అడితి మూలన రేకుల గదిలో వాళ్ళ కాపురం. ఆముదం వెచ్చజేసి అతడి భుజానికి మర్దనా చేస్తూ అంది: "మావా, నీ ఊపిరి నాకినబడట్లేదు."

"ఒదుల్తున్నాను గదా."

"నువ్వొదుల్తున్నావు. నాకినబడట్లేదు అంటన్నాను."

"గొడ్డలైతే గురి తప్పుద్ది. ఇదెక్కడికి తప్పుద్దే? నూనె పోసిన బండినాగ దిగుతాది. ఊరికే బయపడతావు."

"అలగయితే రెండు హేండిళ్ళూ నువ్వే నొక్కు. లేపోతే నానే నొక్కుతాను. దుంగలు నువ్వందీ."

కన్నారావు నవ్వాడు. భుజం కదిలి నొప్పి పుట్టి, నవ్వు సగంలో ఆగింది. "నువ్వు మిషను నడిపితే, నాను నీకు దుంగలందించాలేటి? ఈదిలో పరువుంటాదా?"

ఆమె నూనె గిన్నె మూత పెట్టింది.

దుర్ఘటన గురువారం పొద్దెక్కాక జరిగింది. దుర్ఘటన అన్నది నా మాట. అడితిలో దాన్ని అలా ఎవరూ అనలేదు. అది ముడి ఉన్న తుమ్మ. కత్తి ముడి మీద పడి, చీల్చలేక, దుంగను పక్కకు తిప్పింది. దుంగ తిరగడంతో దాని మీది అరచెయ్యి కత్తి వైపు జారింది. అప్పలలక్ష్మి అరవలేదు. ఒక్క గుంజు గుంజింది. చెయ్యి బయటికి వచ్చింది. గాజులు రాలేదు. దుంగకూ ఇనుముకూ మధ్య నలిగి, ఎర్రటి పొడిగా, ముక్కలుగా పీట మీద రాలాయి. కన్నారావు హ్యాండిల్ వదిలేశాడు. కత్తి ఆగింది, ఆగవలసిన చోటికి జానెడు కింద.

బొటనవేలి మొదలు దగ్గర చర్మం లేచిపోయి నెత్తురు చిమ్మింది. వేళ్ళు అయిదూ కదిలాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే మడిచి చూసుకుంది.

చుట్టూ పనివాళ్ళ కేకలు విని రాఘవేందర్ తల్లి శ్యామలమ్మ వచ్చింది. అడితి గేటు పక్కనే వాళ్ళ ఇల్లు. ఆమె వచ్చి చూసినది పీటను.

"అయ్యో బిడ్డా! గాజులు చిట్లినయా? రెండు చేతులవీనా?"

"ఒక సేతివేనమ్మా."

"ఒక్క చేతివైనా మంచిది గాదే తల్లీ. మొగనికి మంచిది గాదు. ఏం కన్నారావ్, గట్ల నిలబడ్డవేంది? మహంకాళమ్మ గుడికి వొయ్యి నీ పేరు మీద అర్చన జేయించుకో. దారం కట్టించుకో. నడువ్, నడువ్."

కన్నారావు ముఖం అప్పటికే పాలిపోయి ఉంది. అతడు చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. రంపం దగ్గరి మనిషి, పక్క దుకాణం హమాలీలు, టీ తెచ్చిన మనిషి, ఒక్కొక్కరే వచ్చి పీట మీది ఎర్ర ముక్కలు చూసి తల ఊపిపోయారు. ఆ మధ్యాహ్నం అక్కడ చేరిన వారంతా ఒక్క విషయం మీద ఏకాభిప్రాయానికి వచ్చారు: కన్నారావుకు గండం తప్పింది. అతడు నుదుట కుంకుమతో, కుడి మణికట్టుకు ఎర్రదారంతో తిరిగి వచ్చేసరికి, అప్పలలక్ష్మి కుళాయి దగ్గర కూర్చుని ఎడమచేత్తో కుడిచేతి మీద నీళ్ళు పోసుకుంటోంది. దెబ్బ తగిలిన చెయ్యి నీళ్ళ కింద ఉంది. రక్ష కట్టించుకున్న మణికట్టు మీద గీతైనా లేదు.

రాఘవేందర్ చెడ్డవాడు కాదు. పసుపు పొడి తెప్పించి ఇచ్చాడు. "జెర పైలంగుండాలె లక్ష్మీ," అన్నాడు. "నసీబ్ మంచిగుంది." ట్యూబు ముడి అలాగే ఉంది.

సాయంత్రం శ్యామలమ్మ ఆమెను వెంటబెట్టుకుని మోండా మార్కెట్‌లో గాజుల దుకాణానికి తీసుకుపోయింది. తన డబ్బుతోనే కొనిపెడతానంది. ఇందులో కపటం లేదు; మగడున్న ఆడది ఒట్టి చేత్తో రాత్రి గడపడం ఆమె నిజంగానే సహించలేదు. గాజులమ్మే మనిషి చేతికి సబ్బు రాసి, వేళ్ళు కూడదీసి నొక్కి, మొదటి గాజు ఎక్కించబోయింది. అది బొటనవేలి వాపు దగ్గర ఆగిపోయింది.

"చెయ్యి వాచిందమ్మా. నొక్కితే పుండు పగుల్తది. రెండొద్దులు ఆగి రాండ్రి."

"ఒక్కటన్న ఎక్కియ్యి," అంది శ్యామలమ్మ. "ఒక్కటన్న ఉండాలె. జెర ఓర్చుకో బిడ్డా, నీ మొగని కోసమే గదా."

గాజులామె మళ్ళీ నొక్కింది. కట్టిన పుండు అంచు విడి, సబ్బునురగలో ఎర్రటి చార కలిసింది. అప్పలలక్ష్మి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. గుంజలేదు, తీసుకుంది.

"ఒల్లనమ్మా."

"ఏందొల్లవు?"

"గాజులు రేపైనా వస్తాయి. ఇంకో సెయ్యి రాదు."

"అదేం మాటే? చెయ్యి మంచిగనే ఉంది గదా! ఏమైందని?"

"ఏటీ అవలేదమ్మా. అవలేదు గనకే సెప్తన్నాను. పొద్దుటి నుంచీ అందరూ గాజులు సూసినారు. మా మావ సుత్తూ తిరిగినారు. సెయ్యెలగుంది అని ఒక్కలడగలేదు. మీరూ అడగలేదు."

శ్యామలమ్మ ముంజేతి నిండా ఉన్న తన గాజులను ఒకసారి వెనక్కి తోసుకుంది. తరువాత గాజులామెతో, "తీసి పెట్టు, మల్ల వస్తం," అంది. తిరుగుదారిలో కూరగాయల బండ్ల మధ్య నడుస్తూ చాలా దూరం వచ్చాక, ముందుకే చూస్తూ అడిగింది: "నొస్తుందా?"

"నొస్తందమ్మా."

ఇంటికి వచ్చేసరికి కన్నారావు అన్నం వార్చి ఉంచాడు. అది అతడు మాటల్లో చెప్పలేని దానికి బదులు. ఆమె ఎడమచేత్తో తినలేక అవస్థ పడుతుంటే ముద్దలు కలిపి పెట్టాడు.

"ఊపిరి ఒదిలినాను," అన్నాడు. "నువ్వినలేదు."

"ఇనబళ్ళేదు."

"ఇన్నాళ్ళూ ఇన్నావు."

"ఇన్నాళ్ళూ గొడ్డలి గదా."

కన్నారావు కంచంలోకి చూశాడు. "నాకు సాలా బయమేసింది."

"దేనికి? గాజులకా, సేతికా?"

దీనికి అతడి వద్ద జవాబు ఉండవలసింది. వెదికాడు. ఆ వెదకడం ఆమెకు కనబడింది.

శుక్రవారం పొద్దున వ్యాన్ వచ్చి గేటు ముందు ఆగినప్పుడు మోటారు ఇంకా మొదలు కాలేదు. అప్పలలక్ష్మి కూరగాయల చాకుతో ట్యూబు ముడిని కోస్తోంది. గట్టి రబ్బరు, ఎడమచేత్తో కోయడం ఆలస్యమయింది. ట్యూబు తెగి పడగానే హ్యాండిల్ తన స్థానానికి లేచింది.

"ఏందీ లక్ష్మీ, గిదేం పని?" రాఘవేందర్ పరుగున వచ్చాడు. "వ్యాన్ నిలబడ్డది, పరేషాన్ జేస్తవా?"

"అది కట్టి ఉంటే నాను సెయ్యి పెట్టను బాబూ."

"మరి దుంగెవరు పట్టాలె?"

"గొడ్డలైతే నాను పడతాను. మావ ఊపిరి నాకినబడతాది. మిషనైతే ఎవరూ పట్టకూడదు. ఆ పెద్దాయన సెప్పినాడు గదా. రెండిట్లో మీకేది కావాలో అడగండి. ఈ రెండూ కలిపింది మాత్రం ఒల్లను."

రాఘవేందర్ కన్నారావు వైపు తిరిగాడు. అడితి అంతా తిరిగింది. కన్నారావు గోడ దగ్గరికి నడిచి గొడ్డలి తీసుకున్నాడు. మొద్దు దగ్గరికి వచ్చాడు. అప్పలలక్ష్మి వెంటనే ఒక వంకర దుంగ తెచ్చి నిలబెట్టి, వాచిన కుడిచేతినే దాని మీద ఆన్చింది. అతడు గొడ్డలి ఎత్తాడు. అది చెవి దాకా లేచింది. ఇంకొంచెం లేచింది. అక్కడ ఆగింది. ఊపిరి రాలేదు, పళ్ళ మధ్య నుంచి వేరే శబ్దమేదో వచ్చింది. ఆమె చెయ్యి తియ్యలేదు. అది పిలుపు కాదని ఆమెకు తెలుసు. అతడు గొడ్డలిని నెమ్మదిగా, ఎవరికీ తగలకుండా, పక్కకు దించాడు.

"మిషనే బాబూ," అన్నాడు.

"అలగయితే హేండిళ్ళు నాను పడతాను," అంది అప్పలలక్ష్మి. "మావ దుంగలందిస్తాడు."

"నీకెట్లొస్తది? వాచిన చేతితోని?"

"నొక్కడానికి అరిసెయ్యి సాలు. బొటనేలితో పని లేదు."

రాఘవేందర్ ఆలోచించాడు. వ్యాన్ డ్రైవరు హారన్ కొట్టాడు. ఆడమనిషి నడిపితే ఆ పనికి ఆడకూలే చెల్లుతుంది గదా అన్న ఊహ అతడి ముఖం మీద తేటగా కనబడింది. అతడి అభ్యంతరం అక్కడితో సడలిపోయింది. "సరె, షురూ జెయ్యి. ఎట్లయితదో సూద్దాం," అన్నాడు. ఆ అడితిలోకి న్యాయం ఈ దారినే వచ్చింది. వచ్చినది కూడా సగమే. మిగతా సగం గురించి అప్పలలక్ష్మికి తెలియకపోలేదు. కూలి సంగతి శనివారం బట్వాడా నాడు అడగవచ్చు. చేతి సంగతి ఇవాళ తేలాలి.

మోటారు హోరెత్తింది. ఆమె స్తంభానికి అటూ ఇటూ చేతులు చాపి రెండు హ్యాండిళ్ళ మీదా అరచేతులు ఆన్చింది. కన్నారావు తుమ్మదుంగ తెచ్చి పీట మీద నిలబెట్టాడు. అది వంకరది. ఒరగబోతుంటే, ఆలోచించకుండానే, దాని తల మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

ఆమె నొక్కలేదు.

"కానీ," అన్నాడు.

"సెయ్యి తీయి."

"తీస్తే పడిపోద్ది."

"పడనీ."

కన్నారావు తల ఎత్తాడు. కత్తి అతడి వేళ్ళకు సరిగ్గా పైన ఉంది. ఇన్నాళ్ళూ ఇనుమును పైనుంచి దించడమే ఎరుగును; కింద నుంచి చూస్తే అది ఎలా ఉంటుందో అతడు ఈ వయసుకు మొదటిసారి చూస్తున్నాడు. వెడల్పుగా ఉంది. ఏ చప్పుడు వినబడితే చెయ్యి తియ్యాలో తెలియక అతడు భార్య నోటి వైపు చూశాడు. ఆ నోరు మూసే ఉంది. మోటారు తప్ప మరేదీ వినబడడం లేదు. చెయ్యి తీశాడు.

దుంగ ఒరిగి నేల మీద పడింది. గేటు దగ్గర హారన్ మళ్ళీ మోగింది. రాఘవేందర్ ఏదో అనబోయి, వాకిట్లో నిలబడ్డ తల్లిని చూసి ఊరుకున్నాడు. కన్నారావు మోకాలి మీద చెయ్యి పెట్టుకుని వంగాడు. దుంగను ఎత్తాడు. కాళ్ళ కింది చెక్కపేళ్ళలో వెదికి, ఒకటి పారేసి, ఒకటి ఎంచుకుని, దుంగ అడుగున దూర్చాడు. కొంచెం తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. వేళ్ళు ఒక్కొక్కటే వదిలాడు. దుంగ నిలిచింది.

అతడు ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు రెండూ వీపు వెనుక కట్టుకుని నిలబడ్డాడు.

కత్తి కదలలేదు.

"ఇంకేటే?" అన్నాడు.

"ముందుకెట్టు, మావా," అంది అప్పలలక్ష్మి, మోటారు హోరుకు పైగా వినబడేలా. "రెండూ నాకగుపడాల."

కన్నారావు చేతులు ముందుకు తెచ్చి, ఛాతీ ఎదుట, అరచేతులు ఆమెకు కనబడేలా పట్టుకున్నాడు. ఆమె ఒకదాన్ని చూసింది. రెండోదాన్ని చూసింది. అప్పుడు నొక్కింది.